తూకం తప్పని ఎలిజబెత్

పడిశం పట్టిందంటే మనం పెద్దగా పట్టించుకోం. మిరియాల కషాయం తాగి, నాలుగు తులసాకులు నమిలి, ముక్కు తుడుచుకుంటూనే పని చేసుకుపోతాం. విరేచనాలయితే ఓ పూట లంఖణం చేసి, రెండో పూట పెరుగన్నంతో సరిపెట్టుకుంటాం. మామూలు మనుషులకు ఇది చెల్లుతుంది. ఒంట్లో షుగరు ఉన్నవాళ్ళకు మాత్రం ఈ చిన్న జబ్బులు చిన్నవి కావు. ఇన్సులిన్ అంటే ఏమిటో లోకానికి తెలియని రోజుల్లో అయితే ఒక్క జ్వరం చాలు, నెలల తరబడి కాపాడుకున్న కాస్త బలమూ కొట్టుకుపోవడానికి.

ఆ రోజుల్ని చూసి, వాటిని దాటి, పెళ్ళీ పిల్లలూ సంసారమూ అన్నీ చక్కబెట్టుకుని 73 ఏళ్ళు బతికిన మనిషి ఎలిజబెత్ హ్యూస్. ఇన్సులిన్ కథ ఎవరు చెప్పినా ఆమె పేరు రాక మానదు. అయితే ఆ కథలో మందు గొప్పతనమే అందరికీ కనిపిస్తుంది. మందు వచ్చేదాకా ఆ పిల్ల ఎలా నిలబడింది, వచ్చాక జీవితమంతా దాన్ని ఎలా నిలబెట్టుకుంది అన్నదే మనలాంటి ఇల్లాళ్ళకు పనికొచ్చే సంగతి.

గవర్నరు ఇంటి ఆడపిల్ల

ఎలిజబెత్ 1907 ఆగస్టు 19న అమెరికాలోని ఆల్బనీ నగరంలో పుట్టింది. తండ్రి చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ అప్పుడు న్యూయార్క్ రాష్ట్రానికి గవర్నరు. తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. 1916లో అధ్యక్ష పదవికి పోటీ చేసి కొద్దిలో ఓడిపోయాడు. 1921లో ఆ దేశానికి విదేశాంగ మంత్రి అయ్యాడు. తల్లి పేరు ఆంటోనెట్. నలుగురు పిల్లల్లో ఎలిజబెత్ ఆఖరుది. పక్షులన్నా పుస్తకాలన్నా ప్రాణం. తినడానికి లోటు లేదు, చూసుకోవడానికి మనుషుల కొరత లేదు.

పదకొండో ఏట ఆ పిల్లకు దాహం మొదలైంది. ఎన్ని నీళ్ళు తాగినా తీరదు. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. మనిషి చిక్కిపోతోంది. డాక్టర్లు చూసి చక్కెర వ్యాధి అన్నారు. పిల్లలకు వచ్చే ఈ రకాన్ని ఇప్పుడు టైప్-1 అంటున్నాం. ఇందులో ఒళ్ళు తనంతట తాను ఇన్సులిన్ తయారు చేసుకోలేదు. ఆ రోజుల్లో ఈ మాట విన్న తల్లిదండ్రులకు పిల్ల మీద ఆశ వదులుకోవడమే మిగిలేది. చాలామంది పిల్లలు ఒకటి రెండేళ్ళకు మించి బతికేవారు కాదు.

ఆకలే మందు

1919లో ఎలిజబెత్‌ను ఫ్రెడరిక్ అలెన్ అనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆయన వైద్యం చెబితే ఇప్పుడు మనకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఒళ్ళు చక్కెరను వాడుకోలేనప్పుడు తిండి తగ్గించడమే దారి అన్నాడాయన. మూత్రంలో చక్కెర కనిపించకుండా పోయేదాకా ఉపవాసం ఉంచి, తరువాత కొలిచి కొలిచి తిండి పెట్టేవాడు. ఇది జబ్బు నయం చేసే వైద్యం కాదు. చావును కొన్నాళ్ళు గుమ్మం బయట ఆపే వైద్యం. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

అయిదడుగులకు అరంగుళం తక్కువ ఎత్తున్న ఆ పిల్ల వైద్యం మొదలయ్యేనాటికి దాదాపు 75 పౌండ్లు, అంటే 34 కిలోలు ఉంది. మొదటి వారాల్లో రోజుకు 400 నుంచి 600 కేలరీల తిండి. చట్నీతో నాలుగిడ్లీలు తింటే దాదాపు తీరిపోయే లెక్క అది. వారానికోరోజు అదీ లేదు. పిండిపదార్థం పోవాలని కూరగాయల్ని మూడుసార్లు ఉడకబెట్టి, మూడుసార్లూ నీళ్ళు వార్చి పెట్టేవారు. ప్రతి ముద్దా త్రాసులో తూచాలి. ఒక్క గింజ ఎక్కువైనా మూత్ర పరీక్షలో బయటపడుతుంది.

ఆ పరీక్ష మన పెద్దవాళ్ళకు తెలిసిందే. బెనెడిక్ట్ ద్రావణం గాజు గొట్టంలో పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి వేడి చేయాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. పచ్చబడితే కొంచెం, పసుపూ నారింజా అయితే ఎక్కువ, ఇటుక రంగుకు తిరిగితే చాలా ఎక్కువ. గ్లూకోమీటర్లు ఇళ్ళలోకి వచ్చేదాకా మన ఊళ్ళలోనూ ఎన్నో వంటిళ్ళ గట్ల మీద ఆ గొట్టం, స్పిరిటు దీపం ఉండేవి. ఎలిజబెత్ బాల్యమంతా ఆ నీలం రంగు కోసం ఎదురుచూడటంతోనే గడిచింది.

పుట్టినరోజుకు కేకు ఉండేది కాదు. టోపీ పెట్టె ఒకటి తీసుకుని దానికి రంగు కాగితం చుట్టి, పైన కొవ్వొత్తులు గుచ్చి కేకని పెట్టారు. పిల్ల దాన్నే చూసి సంబరపడింది. అందరూ తింటూంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. ఎదిగే వయసులో ఏడిపించి ఏడ్చి తినే హక్కున్న పిల్ల అలా కూర్చుందంటే ఆ గుండె నిబ్బరం ఎంతటిదో మనం ఊహించుకోవలసిందే. తిండి దొంగిలించి తిన్న పిల్లలు అలెన్ దగ్గర ఎందరో ఉన్నారు. వాళ్ళను తప్పు పట్టడానికి మనకెవరికీ నోరు రాదు. ఎలిజబెత్ మాత్రం లెక్క తప్పలేదు.

చిన్న జబ్బు, పెద్ద నష్టం

ఇంత చేసినా ఆ లెక్కను తారుమారు చేసేవి మామూలు జబ్బులే. జలుబు, గొంతునొప్పి, జ్వరం. అలెన్ లాంటి డాక్టర్లు ఈ సంగతిని పదే పదే గమనించారు. నిన్నటిదాకా పరీక్షలో నీలంగా ఉన్న గొట్టం, జ్వరం వచ్చిన రోజున అదే తిండికి, ఒక్కోసారి అంతకన్నా తక్కువ తిండికి కూడా రంగు మారిపోయేది. అప్పుడు ఉన్న ఆ కాస్త తిండీ మళ్ళీ తగ్గించాలి. జ్వరం తగ్గినా, పోయిన బలం తిరిగి వచ్చేది కాదు. ప్రతి చిన్న జబ్బూ మెట్టు మెట్టుగా కిందికి దించేది.

ఎందుకలా అంటే, జ్వరం వచ్చినప్పుడు రోగంతో పోరాడటానికి ఒళ్ళు అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లను విడుదల చేస్తుంది. కాలేయం తన దగ్గర దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. పైగా ఆ హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. అందుకే ముద్ద ముట్టకపోయినా చక్కెర పెరుగుతుంది. ఇన్సులిన్ బొత్తిగా చాలకపోతే ఒళ్ళు కొవ్వును కరిగించుకుని, కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుంటాయి. అది ముదిరితే స్పృహ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. నూరేళ్ళ కిందట జరిగింది ఇదే, ఈనాడు మనింట్లో జరిగేదీ ఇదే.

ఈలోగా ఆ ఇంట్లో ఇంకో దెబ్బ తగిలింది. 1920లో పెద్దమ్మాయి హెలెన్ క్షయతో చనిపోయింది. ఒక బిడ్డను మట్టిలో పెట్టి వచ్చి, ఇంకో బిడ్డకు ముద్ద తూచి పెట్టిన తల్లి ఆంటోనెట్. ఆమె గుండె ఏమై ఉంటుందో వేరే చెప్పాలా?

చలి పడకుండా, గాలి మార్పు ఉంటుందని ఎలిజబెత్‌ను నర్సు బ్లాంచ్ బర్జెస్‌ను తోడిచ్చి బెర్ముడా దీవికి పంపారు. 1922 వసంతంలో అక్కడ విరేచనాలు పట్టుకుని, అసలే పుల్లలా ఉన్న పిల్ల 50 పౌండ్ల లోపుకు దిగిపోయింది. మామూలు పిల్లకయితే నాలుగు రోజుల్లో మరిచిపోయే జబ్బు. ఆమెకు మాత్రం అంచు దాకా తీసుకెళ్ళింది.

టొరంటో రైలు

సరిగ్గా ఆ ఏడాదే కెనడాలోని టొరంటోలో కొత్త మందు పుట్టింది. ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్, జేమ్స్ కాలిప్, జాన్ మెక్లౌడ్‌ల కృషితో జంతువుల క్లోమం నుంచి తీసిన ఇన్సులిన్‌ను 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే కుర్రాడికి మొదటిసారి ఇచ్చారు. వార్త పొక్కింది. ప్రపంచం నలుమూలల నుంచీ తల్లిదండ్రుల ఉత్తరాలు. మందేమో చారెడు. జులైలో ఆంటోనెట్ బాంటింగ్‌కు ఉత్తరం రాసింది. ఇవ్వడానికి మందు లేదని జవాబు వచ్చింది. కొన్ని వారాలకు కాస్త సరఫరా పెరిగి, ఆగస్టులో రమ్మని కబురొచ్చింది.

విదేశాంగ మంత్రి కూతురు కాకపోతే ఆ కబురు వచ్చేదా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. రావలసిన అనుమానమే. ఆ వేసవిలో ఉత్తరం రాసీ జవాబు కోసం చూస్తూ బిడ్డను పోగొట్టుకున్న తల్లులు ఎందరో. ఈనాటికీ ఇన్సులిన్ కొనుక్కోలేని ఇళ్ళు మన చుట్టూ ఉన్నాయి కనుక ఆ ప్రశ్న పాతబడలేదు.

1922 ఆగస్టు 16న బాంటింగ్ ఆమెను చూశాడు. అయిదడుగుల ఎత్తు, 45 పౌండ్ల బరువు. అంటే 20 కిలోలు. మనింట్లో ఆరేళ్ళ పిల్ల బరువు. చర్మం ఎండిపోయి, జుట్టు పలచబడి, కండ కరిగిపోయి ఉంది. ఆ రోజే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మూడు రోజులకు ఆమె పదిహేనో పుట్టినరోజు. తిండి రోజురోజుకూ పెంచుకుంటూ పోయారు. కొద్ది వారాల్లోనే 2000 కేలరీలు దాటింది. మూడేళ్ళ పైన రుచి ఎరగని తెల్ల రొట్టె మళ్ళీ కంచంలోకి వచ్చింది. టొరంటో నుంచి తల్లికి రాసిన ఉత్తరాల నిండా తిండి గురించే. ఆ ఉత్తరాలు ఇప్పటికీ టొరంటో విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉన్నాయి.

అయితే సుఖమంతా ఒక్కసారిగా రాలేదు. ఆనాటి ఇన్సులిన్ శుద్ధమైంది కాదు. గుచ్చిన చోట వాచి, మండేది. ఒక సీసాకూ మరో సీసాకూ బలంలో తేడా. ఒక్కోసారి చక్కెర మరీ పడిపోయి చెమటలు పట్టి వణుకు వచ్చేది. వెంటనే తీపి తినాలి. వీటన్నిటి మధ్యా ఆమె త్రాసు పక్కన పెట్టలేదు. మందు వచ్చింది కదా అని లెక్క మానలేదు. నవంబరు నెలాఖరుకు ఇల్లు చేరి, మళ్ళీ బడికి వెళ్ళింది.

రహస్యం బరువు

తరువాత ఎలిజబెత్ బార్నార్డ్ కళాశాలలో చదివి 1929లో పట్టా పుచ్చుకుంది. 1930లో విలియం గాసెట్ అనే న్యాయవాదిని పెళ్ళాడింది. ముగ్గురు పిల్లల తల్లయింది. చక్కెర వ్యాధితో కాన్పంటే డాక్టర్లే భయపడే కాలమది. 1974లో అమెరికా సుప్రీంకోర్టు చరిత్ర సంఘం ఏర్పడినప్పుడు అందులో ముఖ్యపాత్ర తీసుకుని అధ్యక్షురాలిగా పనిచేసింది. 1981 ఏప్రిల్‌లో కన్నుమూసింది. 58 ఏళ్ళలో ఆమె వేసుకున్న ఇంజెక్షన్లు సుమారు 42,000.

ఆ సంఖ్య వెనక ఉన్న చాకిరీ చూడండి. ఆ 58 ఏళ్ళలో ఎక్కువ భాగం వాడి పారేసే సిరంజీలు లేవు. గాజు సిరంజిని ప్రతిసారీ నీళ్ళలో మరగబెట్టాలి. సూది మొద్దుబారితే నూరాలి. వేలు గుచ్చి క్షణంలో చక్కెర చెప్పే యంత్రం లేదు. ఇంట్లో అందరికీ జలుబు పట్టినట్టే ఆమెకూ పట్టి ఉంటుంది, పిల్లల జ్వరాలు ఆమెకూ అంటుకుని ఉంటాయి. మంచం మీద ఉన్న పూట కూడా పరీక్షా సూదీ తప్పవు.

మందు ఉన్నంత మాత్రాన అంతా అయిపోలేదని చెప్పడానికి లెనార్డ్ థాంప్సన్ కథ ఒక్కటి చాలు. లోకంలో మొదట ఇన్సులిన్ అందుకున్న ఆ కుర్రాడు 1935లో, 26 ఏళ్ళకే, న్యుమోనియాతో చనిపోయాడు. పెన్సిలిన్ ఇంకా వాడుకలోకి రాని రోజులవి.

ఎలిజబెత్ జీవితంలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. తనకు ఈ జబ్బున్నట్టు ఆమె దాదాపు ఎవరికీ చెప్పలేదు. ఇన్సులిన్ తీసుకున్న తొలి రోగుల్లో ఒకరై ఉండి కూడా, ఆ సంగతి చెరిపేయాలని చూసింది. 1980లో చరిత్రకారుడు మైకేల్ బ్లిస్ ఆమె బతికే ఉందని కనుక్కుని వెళ్ళి కలిసేదాకా లోకం ఆమెను మరిచిపోయింది. ఎవరూ జాలిపడకూడదనీ, రోగిష్టిదని వేలెత్తి చూపకూడదనీ అనుకుందేమో. మన దగ్గరా షుగరున్న ఆడపిల్ల సంగతి పెళ్ళయ్యేదాకా గుట్టుగా ఉంచేవాళ్ళు ఎందరు లేరు! వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ జ్వరం వచ్చి మనిషి మగతగా పడి ఉన్నప్పుడు, పక్కనున్నవాళ్ళకు సంగతి తెలియకపోతే ఆ గుట్టే ప్రాణం తీస్తుంది. కనీసం ఇంట్లో ఒకరికి, పనిచేసే చోట ఒకరికి చెప్పి ఉంచాలి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మన వంటింట్లో ఈ లెక్క

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు 10 కోట్ల మందికి పైనే. అందులో ఎక్కువమందిది పెద్దయ్యాక వచ్చే టైప్-2. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా రాత్రంతా కూర్చుని తడిగుడ్డ వేసే ఇల్లాలు, తన జ్వరానికి మాత్రం ఒక పారాసెటమాల్ వేసుకుని పొయ్యి దగ్గరికి వెళుతుంది. ఏమీ తినలేదు కదా, ఇక మందెందుకులే అని షుగరు మాత్రా ఇంజెక్షనూ మానేస్తుంది. అక్కడే వస్తుంది చిక్కు.

టైప్-1 ఉన్నవాళ్ళు తిన్నా తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా మానకూడదు. జ్వరంలో అది ఇంకా ఎక్కువే కావలసి రావచ్చు. మోతాదు ఎంతన్నది డాక్టరు చెప్పాలి. మాత్రల మీద ఉన్నవాళ్ళ సంగతి కొంచెం వేరు. వాంతులు, విరేచనాలయి ఒంట్లో నీరు పోతున్నప్పుడు మెట్‌ఫార్మిన్, పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మాత్రలు కొన్నాళ్ళు ఆపమంటారు. గ్లిమిపిరైడ్ లాంటివి వేసుకుని తినకపోతే చక్కెర పడిపోవచ్చు. అందుకని ఏది ఆపాలో, ఏది ఆపకూడదో ఒళ్ళు బాగున్నప్పుడే డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. జ్వరం వచ్చాక అర్ధరాత్రి ఎవర్ని అడుగుతాం?

జ్వరం ఉన్నన్నాళ్ళూ మూడు నాలుగు గంటలకోసారి చక్కెర చూసుకోవాలి. టైప్-1 వాళ్ళు కీటోన్లు కూడా చూసుకోవాలి. గంటకో గ్లాసు చొప్పున ఏదో ఒకటి గుక్క గుక్కగా తాగుతూ ఉండాలి. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్ళు ఎంత తాగాలో డాక్టర్నే అడగాలి. చక్కెర ఎక్కువగా ఉంటే నీళ్ళు, ఉప్పేసిన పలచటి మజ్జిగ. అన్నం సహించక, చక్కెర తగ్గుతూ ఉంటే గంజి, జావ, కొబ్బరినీళ్ళు. విరేచనాలయితే ఓఆర్ఎస్. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి. దగ్గు మందుల్లో చాలావాటిలో పంచదార ఉంటుంది. ఆయాసానికి ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు చక్కెరను అమాంతం పెంచుతాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ముందు మీకు షుగరుందని చెప్పండి.

వాంతులు ఆగకపోయినా, నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, చక్కెర 300 దాటి వరసగా రెండుసార్లు దిగకపోయినా, ఊపిరి లోతుగా వేగంగా ఆడుతున్నా, మనిషి మగతగా ఉన్నా ఇంటివైద్యం కట్టిపెట్టి ఆస్పత్రికి బయల్దేరాలి. తెల్లారాక చూద్దాంలే అనకూడదు. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పినప్పుడు న్యుమోనియా టీకా వేయించుకుంటే సగం భయం ముందే తగ్గుతుంది. లెనార్డ్‌కు లేని సదుపాయం ఇది.

ఎలిజబెత్‌కు ఉన్నది ఒక త్రాసు, ఒక గాజు గొట్టం, లెక్క తప్పని మనసు. మూడేళ్ళు ఆ మూడింటితోనే నిలిచి మందు వచ్చేదాకా ప్రాణం నిలబెట్టుకుంది. మనకు మందుంది, మీటరుంది, ఫోనులో పలికే డాక్టరున్నాడు. కావలసిందల్లా మన జ్వరాన్ని కూడా ఇంట్లోవాళ్ళ జ్వరమంత జాగ్రత్తగా చూసుకోవడం. ఈ ఆదివారం కాస్త తీరిక చేసుకుని, వేసుకునే మందుల పేర్లు, డాక్టరు నంబరు, జ్వరమొస్తే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి వంటింటి అలమర తలుపు లోపల అంటించండి. అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చూపించి ఉంచండి.